చీనీ తోటకు సైడ్ బై సైడ్ బండి: ఏ హంగుకు డబ్బు పెట్టాలి, దేనికి వద్దు

ఇద్దరో ముగ్గురో పక్కపక్కన కూర్చునే సీటు, కారుకున్నట్టే స్టీరింగు, పెడళ్లు, తలపైన ఇనుప గొట్టాల చట్రం, వెనుక ఎత్తి దించగల తొట్టి: సైడ్ బై సైడ్ అని పిలిచే నాలుగు చక్రాల పొలం బండి స్థూలంగా ఇదే. అమెరికా, ఆస్ట్రేలియా రైతులకు ఇది బాగా అలవాటైన సాధనం. మన దగ్గర మాత్రం రిసార్టుల్లో కనిపించినంతగా తోటల్లో కనిపించదు. అనంతపురం జిల్లా శింగనమల వైపు మా బావగారికున్న చీనీ (బత్తాయి) తోటలో ఇలాంటి పెట్రోలు బండి ఒకటి కొంతకాలంగా పనిచేస్తోంది. కర్ణాటకలోని ఒక కాఫీ ఎస్టేటు వారు వాడి అమ్మితే తెచ్చినది. తోట పనులు నేను చూసుకుంటాను కనుక దాన్ని నడపడం, కడగడం, అప్పుడప్పుడు తిట్టుకోవడం కూడా నా వంతే. బండి మంచిదే. అయితే దానిపై అమ్మే హంగుల్లో చాలా వాటికి మన నేలలో పని లేదు. నిజంగా పనికొచ్చేవి బ్రోషరు చివర చిన్న అక్షరాల్లో ఉంటాయి. అందుకే ఈ సమీక్షను ఒక కంపెనీ బండికి పరిమితం చేయకుండా, ఈ రకం బండి కొనేవారు ఏది అడిగి తీసుకోవాలి, ఏది వద్దనాలి అన్న కోణంలో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపకూడదు. విదేశాల నుంచి వచ్చే ఈ బండ్లను మన దేశంలో ఎక్కువగా సొంత స్థలంలో మాత్రమే నడిపే వాహనాలుగానే అమ్ముతారు. తోట అంతా ఒకే కంచెలో ఉంటే ఇబ్బంది లేదు. కానీ రాయలసీమలో చాలామందికి ఇక్కడ పదెకరాలు, రోడ్డు దాటి ఇంకో ఎనిమిదెకరాలు ఉంటాయి. మధ్యలో ఉన్నది ఊరి తారురోడ్డే అయినా దాన్ని దాటడం చట్టం దృష్టిలో రోడ్డు మీద నడపడమే, ప్రమాదం జరిగితే బీమా కూడా వర్తించకపోవచ్చు. పొలారిస్ కంపెనీ తన స్పోర్ట్స్‌మన్ 570 బండిని ట్రాక్టరుగా ఆమోదం తెచ్చుకుని రోడ్డుకు అర్హత ఉన్న రూపంలో మన దేశంలో అమ్మింది. అయితే అది మోటారు సైకిలు మాదిరి కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చునే బండి, సైడ్ బై సైడ్ కాదు. కాబట్టి అమ్మేవారు రిజిస్ట్రేషన్ అవుతుందని నోటితో చెబితే నమ్మకుండా, ఆమోదపత్రం నకలు చేతికి వచ్చాకే బయానా ఇవ్వాలి.

రెండో ప్రశ్న, అసలు ఈ బండి అవసరమా అన్నది. ధర చిన్న విషయం కాదు. దిగుమతి పన్నులు కలిపాక ఆ డబ్బుతో ఒక చిన్న ట్రాక్టరు, దానికొక ట్రాలీ, ఒక స్ప్రేయరు వస్తాయి. పైగా ఇంజను శక్తితో పనిముట్లను తిప్పడానికి ట్రాక్టరుకున్న పీటీఓ ఈ బండికి ఉండదు. రోటవేటరు తిప్పలేదు, గుంటక తోలలేదు. దీని బలమంతా తిరుగుడులో ఉంది. పొద్దున ఒక బోరు దగ్గర స్టార్టరు చూసి, అక్కడి నుంచి గేటు వాల్వు మార్చి, కూలీలకు మంచినీళ్ల క్యాను దించి, ఎరువు బస్తాలు పాదుల దగ్గరకు చేర్చి, పగిలిన డ్రిప్పు పైపుకు జాయినర్లు పట్టుకెళ్లే పనులన్నీ ట్రాక్టరుతో చేస్తే డీజిలు దండగ, మోటారు సైకిలుతో చేస్తే బరువు మోయలేము. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని ఇది చక్కగా నింపుతుంది. అంత తిరుగుడు లేని ఐదారెకరాల తోటకు ఈ బండి అనవసరమని నా అభిప్రాయం.

ఇక హంగుల్లో మొదటిది తొట్టి. చాలా కంపెనీలు పూర్తి సైజు బండ్ల తొట్టికి వెయ్యి పౌండ్ల సామర్థ్యం రాస్తాయి, అంటే సుమారు 454 కిలోలు. డీఏపీ బస్తా 50 కిలోలు కనుక తొమ్మిది బస్తాలు, యూరియా బస్తా 45 కిలోలు కనుక పది బస్తాలు అని లెక్క వేసుకోవడం సులువే. అయితే స్పెసిఫికేషన్లలో తొట్టి సామర్థ్యంతో పాటు బండి మొత్తం మోయగల బరువు అని మరో అంకె ఉంటుంది. నడిపే మనిషి, పక్కన కూర్చున్నవారు, మనం తర్వాత బిగించుకునే పైకప్పు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), స్ప్రేయరు అన్నీ ఆ రెండో అంకెలోకి వస్తాయి. ముగ్గురు మనుషులు ఎక్కి, ముందు ఇనుప బంపరు, వించి తగిలించాక తొట్టికి మిగిలేది కాగితం మీద రాసినంత ఉండకపోవచ్చు. మనవైపు కంచెకు రాతి కూసాలు వాడతాం. ఆరడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న కూసం సరిగ్గా ఒక ఘనపుటడుగు, అంటే ఇంచుమించు 75 కిలోలు. ఆరు కూసాలకే తొట్టి నిండు బరువుకు చేరుతుంది, చూడటానికి మాత్రం తొట్టి సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది. ట్రాలీలో కూసాలు నింపిన అలవాటుతో ఇందులో నింపితే వెనుక స్ప్రింగులు నేలకు అంటుకుని, ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు.

తొట్టి దేనితో చేశారన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. ప్లాస్టిక్ తొట్టి సొట్టపోదు, తుప్పు పట్టదు, ఎరువుల ఉప్పుకు చెడదు. ఇనుప తొట్టి రాళ్లను, ఇనుప సామానును బాగా తట్టుకుంటుంది కానీ యూరియా, పొటాష్ బస్తాలు చిరిగి పొడి మూలల్లో చేరితే కొద్ది కాలంలోనే పెయింటు లేచిపోతుంది. కడప, తాడిపత్రి వైపు బండల పని, కంచె పని ఎక్కువ ఉన్నవారు ఇనుపది తీసుకోవచ్చు. తోటలో ఎరువులు, పశువుల పేడ, కాయల క్రేట్లు మోసేవారికి ప్లాస్టిక్కే మేలు. ఏది తీసుకున్నా వెనుక తలుపు పూర్తిగా కిందికి వాలాలి, తాడు కట్టడానికి లోపల నాలుగు మూలలా కొక్కేలు ఉండాలి. నేల నుంచి తొట్టి అంచు ఎత్తు ఎంతో టేపు పెట్టి కొలవాలి, ఎందుకంటే బస్తా ఎత్తే మనిషి నడుముకు పైన ఉన్న ప్రతి అంగుళం సాయంత్రానికి కూలీల నడుములకు తెలుస్తుంది. మన క్రేట్లు తొట్టిలో ఎన్ని వరుసలు పడతాయో ఖాళీ క్రేట్లు తీసుకెళ్లి పెట్టి చూడటం ఇంకా మంచిది. అమెరికా కొలతలతో చేసిన తొట్టిలో మన క్రేట్లు రెండు వరుసలు పట్టి, మూడో వరుసకు జానెడు చోటు చాలకుండా పోతుంది.

తొట్టిని ఎత్తడానికి చేతి లివరు, గ్యాసు స్ట్రట్లు ఉన్నది చవక. ఎలక్ట్రిక్ లేదా హైడ్రాలిక్ ఎత్తుడు అదనపు ఖర్చు. దిబ్బెరువు, ఇసుక, కంకర పోసేవారికి ఆ ఖర్చు న్యాయమే. బరువు ముందుకు ఎక్కువ పడిన తొట్టిని చేత్తో ఎత్తడం ఇద్దరికి కూడా కష్టం. క్రేట్లు, బస్తాలు మాత్రమే మోసే తోటలో దాని అవసరం నాకు కనిపించలేదు.

తొట్టిలో స్ప్రే ట్యాంకు పెట్టుకోవాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. రెండు వందల లీటర్ల మందు నీళ్లంటే రెండు వందల కిలోలు, అదీ కదులుతూ ఉండే బరువు. సగం నిండిన ట్యాంకుతో గట్టు మలుపు తిరిగితే నీళ్లన్నీ ఒక పక్కకు చేరి బండిని ఆ పక్కకే లాగుతాయి. లోపల అడ్డుపలకలు ఉన్న ట్యాంకునే కొనాలి. కంపెనీ ఇచ్చే 12 వోల్టుల పంపు కలుపు మందు కొట్టడానికి సరిపోతుంది. ఎదిగిన చీనీ చెట్టు కొమ్మల నడుమ, ఆకుల అడుగున కూడా తడవాలంటే ఆ ఒత్తిడి చాలదు, ఎక్కువ ఒత్తిడితో కొట్టే, సొంత ఇంజనున్న హెచ్‌టీపీ పంపు పెట్టుకోవలసిందే. అందువల్ల కంపెనీ స్ప్రే కిట్టు వద్దని చెప్పి, ఆ డబ్బుతో ఊర్లో దొరికే పంపు, ట్యాంకు తీసుకుని తొట్టి కొక్కేలకు బిగించుకోవడం తెలివైన పని.

గేరు వ్యవస్థ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బండి ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇక్కడే. ఈ బండ్లలో చాలావాటికి స్కూటీలో ఉన్నట్టు రబ్బరు బెల్టుతో నడిచే సీవీటీ ఉంటుంది. నడపడం చాలా సులువు, క్లచ్చు లేదు, గేర్లు మార్చే పని లేదు. కానీ ఆ బెల్టు పుల్లీల మీద జారినప్పుడల్లా వేడెక్కుతుంది. ఏప్రిల్ నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, తొట్టి నిండా బరువుతో, చెట్టు చెట్టుకూ ఆగుతూ నడక వేగంతో వెళ్లడం బెల్టుకు పెద్ద పరీక్ష. వేడి పెరిగి బెల్టు అంచులు గాజులా నునుపెక్కుతాయి, ఆపైన ఇంకా జారుతుంది, చివరికి పోగులుగా చీలిపోతుంది. మా బండి బెల్టుకు పట్టిన గతి అదే. నెమ్మదిగా బరువు లాగేటప్పుడు తప్పనిసరిగా లో గేరులో నడపాలి. హై గేరులో పది కిలోమీటర్ల వేగం కన్నా తక్కువలో పాకించడమే బెల్టు చచ్చిపోవడానికి మొదటి కారణం. తోటలో బండి నడిపే ప్రతి కుర్రవాడికీ ముందుగా నేర్పవలసింది ఇదే. కొనేటప్పుడు బెల్టు పెట్టెకు గాలి వచ్చే గొట్టం ఎక్కడి నుంచి మొదలవుతుందో, దానికి ఫిల్టరు ఉందో లేదో, బెల్టు వేడి ఎక్కువైతే హెచ్చరించే దీపం ఉందో లేదో అడగాలి. బెల్టు మార్చడానికి ఎన్ని బోల్టులు విప్పాలో ఎదురుగా చూపించమని అడిగితే ఇంకా మంచిది.

బెల్టు లేని పద్ధతులు కూడా ఉన్నాయి. హోండా పయనీర్ 1000లో కార్లలో ఉండే రకం డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు ఉంది. కుబోటా ఆర్‌టీవీ డీజిలు బండ్లలో నూనె ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ పద్ధతి ఉంది. పెడలు మీద నుంచి కాలు తీయగానే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది, పాకుడు వేగంతో గంటల తరబడి వెళ్లినా కాలిపోయే బెల్టు అందులో లేదు. కూలీల వెంట నడక వేగంతో వెళ్లే తోట పనికి హైడ్రోస్టాటిక్ పద్ధతికి మించినది లేదని నా నిశ్చితాభిప్రాయం. ఈ ఆర్‌టీవీ వేగం గంటకు యాభై కిలోమీటర్ల లోపే, శబ్దం కూడా కాస్త ఎక్కువ. తోటలో ఆ వేగం కూడా అవసరం రాదు.

ఇంజను శక్తి గురించి అమ్మేవారు ఎక్కువ మాట్లాడతారు, కొనేవారు తక్కువ వినాలి. ఆర్‌టీవీ డీజిలు ఇంజన్ల శక్తి పాతిక హార్స్‌పవర్ లోపే ఉంటుంది. పొలారిస్ రేంజర్ 1000 పెట్రోలు ఇంజను అరవై హార్స్‌పవర్ దాటుతుంది. తొట్టిలో మోసే బరువు మాత్రం రెంటికీ ఇంచుమించు ఒకటే. అంటే మిగిలిన శక్తి వేగానికి, ఇసుక దిబ్బలెక్కడానికి ఉపయోగపడేదే. డీజిలుకు మన దగ్గర ఇంకో సౌలభ్యం ఉంది: ట్రాక్టరు కోసం తెచ్చే ఇంధనమే దీనికీ సరిపోతుంది, పెట్రోలు క్యానులతో బంకు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

విద్యుత్ బండ్లు కూడా వచ్చాయి. పొలారిస్ రేంజర్ ఎక్స్‌పీ కైనెటిక్ 14.9, 29.8 కిలోవాట్ అవర్ బ్యాటరీలతో, 110 హార్స్‌పవర్‌తో వచ్చింది. బ్యాటరీ నిండితే చిన్నదానికి సుమారు 72 కిలోమీటర్లు, పెద్దదానికి 128 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ లెక్క. బెల్టు లేదు, శబ్దం లేదు. తోట రైతుకు మాత్రం ఛార్జింగు చిక్కే. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు ఇచ్చే ఉచిత కరెంటు మోటార్ల కోసం ఇచ్చినది. బండిని దానికి తగిలించడం పద్ధతి కాదు, ఇంటి మీటరుకే పెట్టాలి. ఈ విద్యుత్ బండికి తగిన చోటు కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు లాంటి స్థలమని నాకు అనిపిస్తుంది. వెయ్యి మెగావాట్ల ఆ పార్కు గని, శకునాల ఊళ్ల దగ్గర వేల ఎకరాల్లో పరుచుకుని ఉంది. పలకలు కడిగే మనుషులను, సామానును అన్ని మైళ్ల వరుసల మధ్య చప్పుడు లేకుండా తిప్పడానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

తర్వాత టైర్లు. సీమలో ఇది ప్రాణం లాంటి విషయం. కంపచెట్ల ముళ్లు ఎండిపోయి దారిలో పడి ఉంటే అవి మేకులతో సమానం. దానికి తోడు గట్ల మీద పల్లేరు కాయలు, తోటలో కత్తిరించి పడేసిన చీనీ కొమ్మల ముళ్లు. బండితో పాటు వచ్చే టైర్లు చాలాసార్లు మెత్తని గడ్డి నేలను, మంచును దృష్టిలో పెట్టుకుని చేసిన పల్చనివి. టైరు పొరల బలాన్ని చెప్పే ప్లై సంఖ్య అడగాలి. నాలుగు ప్లై అంటే వద్దనాలి, ఆరు కనీసం, ఎనిమిది దొరికితే సంతోషం. ప్లై పెరిగితే కుదుపు కొంచెం పెరుగుతుంది, కానీ కాయ కోత రోజున కూలీలందరూ ఎదురు చూస్తుండగా పంక్చరు అతికించుకుంటూ కూర్చోవడం కన్నా కుదుపు భరించడం నయం. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంటు ద్రవం చిన్న ముళ్లకు బాగానే పనిచేస్తుంది, పక్క గోడ చీలితే దానివల్ల ఉపయోగం లేదు. బండి కంపెనీ మాన్యువలులో రాసిన గాలి ఒత్తిడి పాటించడం కూడా ముఖ్యం. ఈ టైర్లకు సాధారణంగా పది, పదిహేను పీఎస్‌ఐ మధ్య చాలు. మా ఊరి పంక్చరు అంగట్లో అబ్బాయి ఆ అంకె విని "ఇంత తక్కువ గాలితో ఎట్ల నడుస్తాదన్నా?" అని అడిగి, మనం చూడనప్పుడు ముప్పై కొట్టి పంపుతాడు. అప్పుడు బండి రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది. ఒత్తిడి కొలిచే సొంత మీటరు బండిలో ఉంచుకోవడమే దీనికి మందు. టైరు సైజు కూడా రాసిపెట్టుకోవాలి. అది కార్ల, ట్రాక్టర్ల సైజుల్లోకి రాదు. అనంతపురంలో అడిగిన వెంటనే దొరుకుతుందని అనుకోకుండా, బండితో పాటే ఒక అదనపు టైరును బేరంలో కలుపుకోవాలి.

దుమ్ము గురించి ఏ బ్రోషరులోనూ ఉండదు. ఎర్రమట్టి పొడి పిండి కన్నా సన్నగా లేచి అన్నిట్లోకీ చేరుతుంది. ఎయిర్ ఫిల్టరుకు గాలి పీల్చే చోటు వెనుక చక్రాల వెనకాల, తొట్టి కింద ఉన్న బండి కన్నా, ముందు బానెట్టు కింద పైభాగాన ఉన్న బండి మనకు మంచిది. వెనుక చక్రాలు లేపే దుమ్మును అదే బండి పీల్చుకోవడం ఎంత అన్యాయమో ఫిల్టరు విప్పి చూస్తే తెలుస్తుంది. ట్రాక్టర్లకు బయట కనిపించే, దుమ్మును ఫిల్టరుకు ముందే వేరుచేసే గుండ్రని ప్రీక్లీనరు లాంటిది ఈ బండ్లకు కూడా విడిగా దొరుకుతుంది, పెట్టుకోదగినదే. రేడియేటరు ముందు ఉన్న జాలీలోకి గడ్డి గింజలు, ఎండుటాకులు చేరి గాలి దారి మూసేస్తాయి. ఆ జాలీ స్క్రూలు లేకుండా చేత్తో ఊడివచ్చేదైతే రోజూ దులపడం జరుగుతుంది, స్పానరు కావాలంటే ఎవరూ దులపరు. రేడియేటరును నీటి పైపుతో ఇంజను వైపు నుంచి ముందుకు కడగాలి. ప్రెషరు గన్ను దగ్గరగా పెట్టి కడిగితే సన్నని రేకులు మడిచిపోతాయి.

కొలతలు కూడా చూసుకోవాలి. పూర్తి సైజు బండి వెడల్పు ఐదడుగుల పైన ఉంటుంది. ఆరు మీటర్ల దూరంలో నాటిన చీనీ తోటలో, అంటే ఎకరాకు నూట పది చెట్ల చొప్పున ఉన్నచోట, చిన్న చెట్ల మధ్య బండి హాయిగా తిరుగుతుంది. చెట్లు గుబురెక్కి, కాపు బరువుకు కొమ్మలు వాలి, వాటి కింద ఊతకర్రలు పెట్టిన కాలంలో సందు బాగా తగ్గిపోతుంది. ఆరడుగులు దాటిన ఇనుప చట్రం, దాని మీద పైకప్పు అప్పుడు కాయలను రాల్చుకుంటూ పోతాయి. కాబట్టి తోట వయసును బట్టి మధ్యస్థ సైజు బండి మేలా అని ఆలోచించాలి. కొంత ఇరుకైన ఆ బండి తక్కువ మోస్తుంది, కానీ ఎక్కడికైనా వెళ్తుంది. తిరుగు వ్యాసం కూడా అడగాలి. వరుస చివర ఒక్క విడతలో తిరగలేని బండి వెనక్కీ ముందుకూ ఆడుతూ డ్రిప్పు గొట్టాల చివరి మూతలను, ఫ్లష్ వాల్వులను తొక్కేస్తుంది. వెనుక రెండు చక్రాలు కలిసే తిరిగేలా లాకు వేసి ఉన్న బండి మలుపులో గొట్టాన్ని నేలకేసి రాపాడిస్తుంది. ఆ లాకు తీసే మీట, కొన్ని కంపెనీలు టర్ఫ్ మోడ్ అనేది, మన డ్రిప్పు తోటలకు తప్పనిసరి. పచ్చిక పాడవకుండా వాళ్లు పెట్టుకున్న సదుపాయం మన పదహారు మిల్లీమీటర్ల గొట్టాలను కాపాడుతుంది.

నాలుగు చక్రాల తోలకం (ఫోర్ వీల్ డ్రైవ్) ఎర్రనేలలో అరుదుగా అవసరమవుతుంది, వంక దాటేటప్పుడు, తడిసిన గట్టు ఎక్కేటప్పుడు మాత్రమే. నల్లరేగడిలో కథ వేరు. ఆదోని, ఆలూరు వైపు వాన పడిన మర్నాడు చేనులోకి దిగితే మట్టి టైరు చుట్టూ చుట్టుకుని, మడ్‌గార్డు కిందంతా కూరుకుని, టైరు గాడులే కనిపించకుండా పోతాయి. అప్పుడు నాలుగు చక్రాలూ తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. అలాంటి నేల ఉన్నవారు గాడులు దూరదూరంగా ఉన్న టైర్లు, చక్రానికి మడ్‌గార్డుకు మధ్య బాగా ఎడం ఉన్న బండి చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా నేల ఆరేదాకా బండిని షెడ్డులోనే ఉంచాలి.

వించి గురించి రెండు మాటలు చాలు. ఇరుక్కున్న బండిని లాక్కోవడానికి అది మంచిదే. కానీ దాన్ని చూసిన ప్రతివాడూ బోరులో మోటారు ఎత్తడానికి పనికొస్తుందా అని అడుగుతాడు. పనికిరాదు. దాని తాడు సాధారణంగా యాభై అడుగులు. మన బోర్లు వందల అడుగుల లోతు. పైగా వించి నేల మీద చక్రాల బండిని లాగడానికి చేసినది, నిలువుగా బరువు వేలాడదీసి పట్టుకోవడానికి కాదు. నిండు బరువు లాగేటప్పుడు వందల ఆంపియర్ల కరెంటు తాగి బ్యాటరీని దించేస్తుంది కూడా. తోటలో ట్రాక్టరు, గొలుసు ఉన్నవారికి వించి అనవసరం.

పూర్తి ముందు అద్దం వద్దు. వెనుక తెరిచి ఉండి ముందు మాత్రమే మూస్తే, వెనుక లేచిన దుమ్మంతా సుడి తిరిగి మన మొహానికే వస్తుంది. సగం అద్దం చాలు. పైకప్పు మాత్రం మన ఎండకు తప్పదు, కొమ్మలు గీసినా సరే. రాత్రి నీళ్లు చూసేవారికి, శనగ చేను దగ్గర అడవి పందుల కాపలా వెళ్లేవారికి అదనపు ఎల్‌ఈడీ దీపాలు బాగా ఉపయోగం. పాటల పెట్టె ఎవరిష్టం వారిది.

సీటు బెల్టు విషయంలో మాత్రం ఇష్టాయిష్టాలు లేవు. తలపైన ఉన్న ఇనుప చట్రం మనిషిని కాపాడేది అతను దాని లోపల ఉన్నప్పుడే. బండి దొర్లినప్పుడు బెల్టు లేని మనిషి బయటకు పడి, అదే చట్రం కింద నలిగిపోతాడు. బెల్టు పెట్టుకోకపోతే వేగం పెరగనివ్వని ఏర్పాటు కొన్ని బండ్లలో ఉంది. దాన్ని తీసేయించే మెకానిక్కులు దొరుకుతారు, తీసేయించకూడదు. పక్కల వల తలుపులు కూడా ఉండాలి. ట్రాలీలో కూలీలను ఎక్కించుకునే అలవాటు ఉన్న మనకు తొట్టిలో మనుషులను కూర్చోబెట్టడం మామూలు విషయంగా కనిపిస్తుంది. ఈ బండిలో అది కుదరదు. తొట్టి ఇనుప చట్రానికి బయట ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అక్కడి బరువంతా పైకి చేరి మలుపులో బండి తేలిగ్గా పడుతుంది. మనుషులను తీసుకెళ్లడమే ప్రధాన అవసరమైతే రెండు వరుసల సీట్లున్న ఆరుగురి బండి తీసుకోవాలి. అది పొడవు ఎక్కువ, వరుస చివర తిరగడం కష్టం అన్నది గుర్తుంచుకోవాలి.

మరమ్మతు సంగతి చివర రాస్తున్నా, ధర కన్నా ఇదే పెద్దది. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్లకు పైనే. మేము సంప్రదించిన డీలరు బెల్టు కోసం వారాల తరబడి తిప్పాడు. ఊర్లో ట్రాక్టరు మెకానిక్కు నూనె, ఫిల్టర్లు, బ్రేకులు చూడగలడు. ఇంజెక్షన్ సెన్సర్లు, నాలుగు చక్రాల తోలకపు ఎలక్ట్రిక్ భాగాలు అతని చేతిలో లేవు. అందుకని బేరం చేసేటప్పుడు ధర తగ్గించమని పట్టుబట్టే బదులు రెండు బెల్టులు, ఎయిర్ ఫిల్టర్లు, ఆయిలు ఫిల్టర్లు, ఒక టైరు, సర్వీసు మాన్యువలు కలిపి ఇమ్మని పట్టుబట్టాలి. షోరూము చుట్టూ ఖాళీ బండి తిప్పి చూపిస్తే ఒప్పుకోకుండా, మిట్టమధ్యాహ్నం మన తోటలోనే, మన బస్తాలు నింపి, లో గేరులో ఒక వరుస మొదటి నుంచి చివరిదాకా ఆగుతూ నడిపి, వరుస చివర తిప్పి చూడాలి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఈ బండి కొనవద్దు.